‘సమాధానం ఉందా అమ్మా?’

డిసెంబర్ 31 రాత్రి పదకొండు దాటాక తెలుగు ఊళ్లలో ఏ చర్చి ముందు నిలబడినా ఇంచుమించు ఒకటే దృశ్యం. గేటు దాకా బైకులు, గుమ్మం బయట చెప్పుల గుట్ట, లోపల కుర్చీలు చాలక చాపల మీద సర్దుకున్న ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో నిద్రపోతున్న పిల్లలు. ఏడాదంతా ఆదివారం మొహం చూపించని వాళ్లు కూడా ఆ రాత్రికి మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తారు. పన్నెండుకి కాసేపు ముందు పాటలు ఆగిపోతాయి. అందరూ మోకాళ్ల మీద ఉంటారు. గంట మోగాక కరచాలనాలు, కేకు ముక్కలు. ఆ తర్వాత అసలు ఘట్టం మొదలవుతుంది. స్టీలు పళ్లెంలోనో, పూల బుట్టలోనో కార్డులు బోర్లించి పెట్టి సంఘ పెద్దలు వరసల మధ్యకు వస్తారు. మనిషికి ఒకటి. తిప్పి చూసి ఏరుకోకూడదు. కార్డు మీద ఒక సూర్యోదయం బొమ్మ, దాని కింద ఒక బైబిలు వచనం. దాన్నే ‘వాగ్దానం’ అంటారు.

“నీకేం వచ్చింది?” అని పక్కవాళ్ల కార్డులోకి తొంగిచూడటం, పరీక్ష పేపర్లు ఇచ్చినప్పుడు మార్కులు చూసుకున్నట్టే ఉంటుంది. ఆశీర్వాదం, ఆయుష్షు, విజయం లాంటి మాటలు వచ్చినవాళ్ల మొహాలు వెలుగుతాయి. ఓర్పు, శ్రమ అని వచ్చినవాళ్లు కార్డును మెల్లగా పర్సులో పెట్టేస్తారు. చూడనట్టు దాన్ని పళ్లెంలో వేసి ఇంకోటి తీసుకునే గడుగ్గాయిలూ ఉంటారు. వెనక వరసలోని పెద్దమ్మలు అది కనిపెట్టకుండా ఉండరు.

బయటి నుంచి చూస్తే ఇదో లాటరీ. కానీ ఆ కార్డు అందుకునే చేతుల వెనక ఏముందో చూస్తే అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. ఈ ఏడాది కూతురి పెళ్లి. లేదా కొడుకు వీసా. ఆయన రిటైర్మెంటు, ఆ తర్వాత సొంతూరా, పిల్లల దగ్గరికా అన్న ప్రశ్న. సంక్రాంతి తర్వాత రావాల్సిన స్కాన్ రిపోర్టు. ఏదో మారబోతోందని తెలుసు. ఎటు మారుతుందో తెలియదు. అలాంటి రాత్రి ఒక్క మాట చేతిలో పట్టుకుని ఇంటికి వెళ్లాలనిపించడం మానవ సహజం.

ఈ అలవాట్లకు పాత చరిత్రే ఉంది. ఇంగ్లండులో బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్‌లో బొగ్గు గనుల కార్మికులుండేవారు. క్రైస్తవ బోధ వినకముందు వాళ్ల శనివారం రాత్రులు సారా దుకాణాల్లో గడిచేవి. మారిన తర్వాత అవే రాత్రుళ్లు ప్రార్థనలో మేల్కొని ఉండటం మొదలుపెట్టారు. మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ దాన్ని చూసి ముచ్చటపడి, 1740ల్లో వాచ్‌నైట్ ఆరాధనలకు ఒక రూపం ఇచ్చాడు. అంతకుముందే జర్మనీలో హెర్న్‌హూట్ అనే పల్లెలో మొరేవియన్ సంఘం రోజుకొక మాట పంచుకునే పద్ధతి ప్రారంభించింది. 1728 మే 3న సంఘ నాయకుడు జింజెండార్ఫ్ మర్నాటి కోసం ఒక మాట ఇచ్చాడు. తర్వాత రోజూ ఒకరు ఇంటింటికీ వెళ్లి ఆ రోజు మాట చెప్పి, ఆ ఇంటి క్షేమ సమాచారం కనుక్కుని వచ్చేవారు. 1731 నుంచి ఏడాదికి సరిపడా వచనాలు పుస్తకంగా అచ్చవుతున్నాయి. పాత నిబంధన వచనాలను ఇప్పటికీ చీటీలు తీసే ఎంపిక చేస్తారు.

చీటీలంటే గుర్తొచ్చింది. వెస్లీ యువకుడిగా అమెరికాలోని జార్జియాలో ఉన్నప్పుడు సోఫియా హాప్కీ అనే అమ్మాయి మీద మనసుపడ్డాడు. పెళ్లి చేసుకోవాలా వద్దా తేల్చుకోలేక 1737లో మూడు చీటీలు రాయించాడు. చేసుకోమని ఒకటి, ఈ ఏడాది వద్దని ఒకటి, ఇక ఆ ఆలోచనే మానుకోమని మరొకటి. మూడోది వచ్చింది. కొద్ది రోజులకే ఆ అమ్మాయి వేరొకర్ని చేసుకుంది. వెస్లీ దాన్ని దైవనిర్ణయంగా ప్రశాంతంగా స్వీకరించాడా అంటే, లేదు. తర్వాత ఆమెకు ప్రభు భోజనం నిరాకరించి, కోర్టు గొడవల్లో ఇరుక్కుని, ఆ ఏడాది చివర్లోనే అమెరికా వదిలి వెళ్లాల్సి వచ్చింది. చీటీ తీయడం తేలికే గాని, వచ్చిన చీటీతో బతకడం వెస్లీ అంతటివాడికీ చేతకాలేదు.

మన వాగ్దాన కార్డుల మీదికి వద్దాం. యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం లేని కార్డుల కట్ట ఉండదేమో. దేవుడి తలపులు కీడుకు కాక మేలుకేనని, ముందు కాలం పట్ల ఆశ ఉంచుకోవచ్చని దాని సారం. ఉద్యోగం పోయినవాళ్లకీ, పరీక్ష రాసేవాళ్లకీ, కొత్త కాపురానికీ, అన్నిటికీ అదే వచనం. పెళ్లి శుభలేఖల మీద కూడా కనిపిస్తుంది. కానీ ఆ వచనం ఎవరికి రాసిందో అధ్యాయం మొదటి నుంచి చదివినవాళ్లు తక్కువ. అది ఒక ఉత్తరం. యెరూషలేము నుంచి బబులోనుకు బందీలుగా వెళ్లిపోయిన జనానికి యిర్మీయా ప్రవక్త రాసి పంపింది. దాని ముందు అధ్యాయంలోనే హనన్యా అనే మరో ప్రవక్త గుడిలో అందరి ముందూ నిలబడి, రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని ప్రకటిస్తాడు. యిర్మీయా మెడ మీదున్న కాడిని విరిచి మరీ చూపిస్తాడు. జనానికి కావలసింది అదే. యిర్మీయా ఉత్తరంలో మాత్రం లెక్క డెబ్బై ఏళ్లు. అంటే ఆ ఉత్తరం చదివిన పెద్దవాళ్లలో చాలామంది ఇల్లు చేరరు. అందుకే ఉత్తరంలో ముందుగా వచ్చే సలహాలు నేలబారువి: అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకుని వాటి పంట తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి. మేలు తలపుల మాట వచ్చేది ఆ తర్వాతే.

డల్లాస్‌లోనో, కువైట్‌లోనో, హైదరాబాదు శివార్లలో అద్దె ఫ్లాట్‌లోనో ఉన్న తెలుగు కుటుంబానికి ఆ ఉత్తరం మొత్తంగా చదివితే ఎక్కువ పనికొస్తుంది. ‘ఎప్పుడు వెనక్కి పోతాం’ అన్న ప్రశ్నకి అందులో ఇచ్చిన తక్షణ సమాధానం, ముందు ఒక మొక్క నాటమని.

తెలుగు క్రైస్తవుల సొంత చరిత్రలో కూడా ఒక జనవరి ఒకటో తేదీ ఉంది. 1854లో ఒంగోలు. అప్పటికి నెల్లూరులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కి ఏళ్ల తరబడి ఫలితం లేదు. దాన్ని మూసేద్దామని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు చర్చించారు. ఆ కొత్త సంవత్సరం రోజు తెల్లవారకముందే లైమన్ జ్యూయెట్ అనే మిషనరీ, ఆయన భార్య, జూలియా అనే ఆమె సహా ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఊరి పక్క కొండ ఎక్కి ప్రార్థన చేశారు. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమన్నదే వాళ్ల మనవి. ఆ ఏడాది ఎవరూ రాలేదు. మరుసటేడూ రాలేదు. జాన్ క్లౌ ఒంగోలుకు కాపురం వచ్చింది 1866లో. పన్నెండేళ్లు! వాగ్దాన కార్డుకు గడువు డిసెంబర్ 31 అనుకునే మనకి ఇది కొంచెం కొరుకుడుపడదు. ఆ కొండని ఇప్పటికీ ప్రార్థన కొండనే పిలుస్తారు.

క్లౌ వచ్చిన కొత్తలో ఆయన ముందు నిలిచిన సమస్య, మన ప్రస్తుత విషయానికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లి క్రైస్తవ బోధ విన్న యర్రగుంట్ల పేరయ్య, మాదిగ కులంవాడు, అప్పటికే బాప్తిస్మం పొంది తనవాళ్లను వెంటబెట్టుకు వస్తున్నాడు. ఊళ్లోని అగ్రవర్ణాలవాళ్లు మాత్రం మాదిగల్ని చేర్చుకుంటే మేం మీ గడప తొక్కమని తేల్చి చెప్పేశారు. ఎవర్ని కాదనాలి? క్లౌ తన గదిలో ఒక బైబిలు తీస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం తెరుచుకుంది. లోకం లెక్కలో ఘనులూ, జ్ఞానులూ కానివాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. వేరే గదిలో ఉన్న ఆయన భార్య కూడా, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, అదే భాగం దగ్గర ఆగి వచ్చిందని ఆయన తర్వాత రాసుకున్నాడు. ఇద్దరికీ అంతటితో సందేహం తీరింది. మాదిగల్ని చేర్చుకున్నారు.

ఈ కథను చాలా సంఘాల్లో ‘బైబిలు తెరిస్తే దేవుడు మాట్లాడాడు’ అన్నంత వరకే చెప్పి ఆపేస్తారు. చిన్న మెలిక ఉంది. ఆ వచనం తెరుచుకునేసరికే మాదిగలు గుమ్మంలో ఉన్నారు. పేరయ్య ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా ఊరూరా తిరుగుతున్నాడు. క్లౌకి కొత్తగా తెలిసిన సంగతేమీ లేదు. కళ్లముందు ఉన్నదాన్ని ఒప్పుకునే ధైర్యం మాత్రం ఆ పేజీ ఇచ్చింది.

పదేళ్ల తర్వాత వచ్చిన కరువు ఇంకో కోణం చూపించింది. 1876-78 కరువు దక్షిణ భారతాన్ని పిప్పి చేసింది. సర్కారు కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. క్లౌ యువకుడిగా ఉన్నప్పుడు అమెరికాలో భూముల సర్వే పని చేసినవాడు. మిషనరీ అయ్యాక ఆ విద్య ఎందుకూ పనికిరాదనే అనుకుని ఉంటాడు. కరువులో అదే అక్కరకొచ్చింది. మూడున్నర మైళ్ల కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని, తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టి వేలమందికి కూలి దొరికేలా చేశాడు. పగలు పార, తట్ట. మధ్యాహ్నం చెట్ల నీడన విశ్రాంతిలో మాటలు. జనం బాప్తిస్మం ఇమ్మని అడుగుతుంటే ఆయన పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని, వాళ్ల మనసు వాళ్లకే తేలాలని. కరువు పనులు ఆగాక కూడా జనం ఆగలేదు. 1878 జూలై 2న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర 614 మంది, మర్నాడు 2,222 మంది, ఆ మర్నాడు 700 మంది బాప్తిస్మం పొందారు. చరిత్ర పుస్తకాలు మధ్యలోని 2,222 అంకెనే పట్టుకున్నాయి. ఆ పదిహేను నెలల ఆలస్యం దానికన్నా గట్టి సంగతి.

ఇక్కడ కాస్త భాష గురించి మాట్లాడుకోవాలి. తెలుగు క్రైస్తవులకు ఒక సొంత తెలుగుంది. బయటివాళ్లు వింటే తికమకపడతారు. ‘అవసరత’ అంటే అక్కర. ‘సాక్ష్యం’ అంటే కోర్టుది కాదు, జీవితంలో దేవుడు చేసిన మేలు నలుగురి ముందు చెప్పడం. ‘భారం’ అంటే ఒకరి కోసం ప్రార్థించాలన్న తపన. గైడెన్స్‌కి వాళ్ల మాట ‘నడిపింపు’. వేలు పట్టుకుని నడిపించడమన్న బొమ్మ అందులోనే ఉంది. దూరాన ఉన్న ఊరిని చూపించడం నడిపింపు కాదు, పక్కన ఉండి అడుగు వేయించడం. ఇక ‘ప్రభువు చిత్తమైతే’ అన్నది రేపటి సంగతి ఏది చెప్పినా తోకలా వచ్చే మాట. యాకోబు పత్రికలో వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాళ్లకి చెప్పిన సలహా నుంచి వచ్చింది. రేపేమవుతుందో తెలియనివాళ్లు అంత గట్టిగా ప్లాన్లు చెప్పుకోవద్దని అక్కడి మందలింపు.

అన్నిటికన్నా చిత్రమైనవి రెండు మాటలు. ఒకటి ‘కనిపెట్టడం’. బయట తెలుగులో ఎడిసన్ బల్బు కనిపెట్టాడు, పోలీసులు దొంగను కనిపెట్టారు. చర్చి తెలుగులో దేవుని సన్నిధిలో కనిపెట్టడమంటే ఎదురుచూడటం. పాపని ఓ కంట కనిపెట్టుకుని ఉండమ్మా అని పక్కింటావిడకి చెప్పేటప్పుడు వాడే అర్థం దీనికి దగ్గర. 1938లో ముంగమూరి దేవదాసు అయ్యగారు రాజమండ్రిలో ప్రారంభించిన బైబిలు మిషన్‌లో ఈ కనిపెట్టడానికి పెద్దపీట. కోరికల చిట్టా చదివి లేచిపోకుండా, అడగడం అయ్యాక కదలక మెదలక కూర్చోవాలి. మాట్లాడే ప్రార్థనకు అలవాటుపడ్డవాళ్లకి ఆ నిశ్శబ్దం మొదట్లో నరకం. ఐదు నిమిషాలకి మోకాలు లాగుతుంది, పది నిమిషాలకి గ్యాస్ కట్టేశానా లేదా అన్న అనుమానం పుడుతుంది.

రెండోది ‘సమాధానం’. బయట దానికి అర్థం జవాబు. తెలుగు బైబిల్లో అది శాంతి. క్రీస్తు శిష్యులకు వదిలి వెళ్లింది సమాధానం, దేవదూతలు భూమి మీద ఉండుగాక అని పాడింది సమాధానం. పెళ్లి సంబంధమో, ఉద్యోగం మార్పో ముందుకొచ్చినప్పుడు అయ్యగారో, అమ్మగారో అడిగే ప్రశ్న ఒక్కటే: “ప్రార్థన చేసుకున్నావు సరే, నీకు సమాధానం ఉందా అమ్మా?” ఆ ప్రశ్నలో జవాబు వచ్చిందా అన్నదీ, మనసు కుదుటపడిందా అన్నదీ కలిసిపోయి ఉంటాయి. చాలాసార్లు జవాబు రాకుండానే రెండోది వస్తుంది. జవాబు వచ్చినా రెండోది రాకపోవడం కూడా ఉంది. కుదిరిన సంబంధం అన్ని విధాలా బాగుండి, కట్నం మాట కూడా లేకుండా, అమ్మాయికి మాత్రం ‘సమాధానం లేదండీ’ అనిపిస్తే ఆగిపోయిన పెళ్లిళ్లు ఉన్నాయి. బంధువులు దాన్ని మొండితనం అంటారు. ఒక్కోసారి నిజంగా మొండితనమే కావచ్చు.

అదెలా తేల్చుకోవాలన్నదాని మీద అందరికన్నా నిశితంగా ఆలోచించినవాడు బహుశా ఇగ్నేషియస్ లొయోలా. విజయవాడలో 1953లో మొదలైన ఆంధ్ర లొయోలా కాలేజీ పుణ్యమా అని ఆ పేరు మనకి కొత్త కాదు. మనిషి కథే చాలామందికి తెలియదు. స్పెయిన్ దేశపు సైనికుడు. 1521లో పాంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు నుజ్జయింది. నెలల తరబడి మంచం మీద. కాలక్షేపానికి వీరుల కథలు తెమ్మంటే ఇంట్లో దొరికినవి క్రీస్తు చరిత్ర, పునీతుల జీవితాలు మాత్రమే. అవి చదువుతూ, మధ్యలో కత్తి పట్టి రాచకన్యల మెప్పు పొందినట్టు కలలు కంటూ గడిపేవాడు. ఒక సంగతి గమనించాడు. రెండు రకాల ఊహలూ ఊహించుకుంటున్నంతసేపూ తియ్యగానే ఉన్నాయి. అయిపోయాక రాచరికపు కలలు మనసును పొడిబారుస్తున్నాయి. పునీతుల్లా బతకాలన్న ఊహ తర్వాత సంతోషం చాలాసేపు నిలుస్తోంది. అంతే, ఈ చిన్న గమనిక మీద ఆయన తన ఆధ్యాత్మిక సాధన పద్ధతి మొత్తం కట్టాడు. ఆ సాధనలో ఉద్యోగం మానేద్దామనుకుంటున్న ప్రతి ఒక్కరూ గోడకి అంటించుకోదగ్గ నియమం ఒకటుంది. మనసు చీకట్లో, నిస్పృహలో ఉన్నప్పుడు, వెలుగులో ఉండగా తీసుకున్న నిర్ణయాన్ని మార్చవద్దని. బాసుతో గొడవపడి వచ్చిన రాత్రి రాజీనామా మెయిల్ టైపు చేయకూడదన్నమాట.

నడిపింపు కొన్నిసార్లు ‘కుదరదు’ అన్న మాట రూపంలో వస్తుందనడానికి గుంటూరులో నిలువెత్తు భవనమే ఉంది. అన్నా సారా కుగ్లర్ అమెరికాలో వైద్యం చదువుకుంది. భారతదేశానికి డాక్టరుగా పంపమని లూథరన్ మిషన్ బోర్డును అడిగింది. వైద్య సేవ మొదలుపెట్టే ఉద్దేశం తమకిప్పుడు లేదని, కావాలంటే ఆడవాళ్లకు చదువు చెప్పే పనికి పంపుతామని బోర్డు అన్నది. చాలామంది అయితే దాన్ని మూసిన తలుపు అని సరిపెట్టుకునేవారు. ఆమె సరేనని 1883లో టీచరుగానే గుంటూరు వచ్చింది. వస్తూ మందులూ, వైద్య పరికరాలూ వెంట తెచ్చుకుంది. పాఠాలు చెప్పిన ఇళ్లలోనే జ్వరాలు, కాన్పులు చూడటం మొదలైంది. రెండేళ్లు తిరిగేసరికి బోర్డు తన మాట మార్చుకుని ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. 1897 నాటికి ఆసుపత్రి లేచింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసిన ఆమె పేరుతోనే గుంటూరు జనం దాన్ని కుగ్లర్ ఆసుపత్రి అంటారు. దేవుడు పిలిచాడని నమ్మిన మనిషికి సంఘం వేరే పని అప్పగించినప్పుడు, పిలుపునూ వదల్లేదు, సంఘాన్నీ వదల్లేదు. మందుల పెట్టె కూడా వదల్లేదు.

దోర్నకల్ బిషప్ అజరయ్య కథ కూడా ఒక రకంగా వలస కథే. తిరునెల్వేలి తమిళుడు. 1909లో, ముప్ఫై నాలుగు ముప్ఫై అయిదేళ్ల వయసులో, మంచి హోదాలో ఉన్న పని వదిలి నిజాం రాజ్యంలోని దోర్నకల్ వచ్చి మళ్లీ అ ఆల దగ్గర నుంచి తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1945లో అక్కడే పోయాడు. తెలుగు దేశం ఆయన కోరుకున్న ‘ఆన్‌సైట్’ అనుకుంటే ఇప్పటి పిల్లలకి అర్థమవుతుందేమో.

అంతకు చాలా ముందు, 1836లో గోదావరి డెల్టాకు వచ్చిన బౌడెన్, బీర్ దంపతుల సంగతి మరీ విడ్డూరం. ఇంగ్లండులో ఒకాయన రాతిపని మేస్త్రీ, ఒకాయన చెప్పులు కుట్టేవాడు. జీతమిచ్చే సొసైటీ ఏదీ వెనక లేదు. దేవుడే చూసుకుంటాడన్న నమ్మకంతో నరసాపురం చేరి, అక్కడా పాలకొల్లులోనూ పాతుకుపోయారు. ఇలాంటి కథలు విని ‘మనమూ ఉద్యోగం మానేసి విశ్వాసంతో నడుద్దాం’ అనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకుంటే మంచిది. వాళ్ల చేతుల్లో పని ఉంది.

ఇప్పటి సంగతి చూడాలంటే వారం మధ్యలో ఏదైనా ఇంట్లో జరిగే ప్రార్థన కూడికకి వెళ్లాలి. హాల్లో సోఫా గోడకి జరిపి చాపలు పరుస్తారు. టీవీ మీద గుడ్డ కప్పడం కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. తంబురినో, డోలకో, ఒక కీర్తన, ఒక వాక్య భాగం. తర్వాత అయ్యగారు నోటుబుక్కు తీసి ‘ప్రార్థన అవసరతలు చెప్పండి’ అంటారు. అక్కడ వినిపించేదే నిజమైన దినపత్రిక. పెద్దమ్మాయికి లండన్‌లో నర్సు ఉద్యోగం, ఇంగ్లిషు పరీక్ష మళ్లీ రాస్తోంది. బోరు ఎండిపోయింది, ఇంకో పాయింటు చూడాలి. మావారికి శ్రీకాకుళం ట్రాన్స్‌ఫరు. అత్తగారికి జ్ఞాపకం తప్పుతోంది, రాత్రుళ్లు గేటు తీసుకుని వెళ్లిపోతున్నారు. ఒకావిడ ఏమీ చెప్పదు, ‘నా కోసం కూడా అండి’ అని మాత్రం అంటుంది. ఎందుకని ఎవరూ గుచ్చి అడగరు.

ప్రార్థన అయ్యాక టీ, మిక్చర్ వచ్చే పావుగంటలోనే చాలావరకు నడిపింపు జరిగిపోతుంది. లండన్ పరీక్షకి ఎవరి కూతురు ఎక్కడ కోచింగ్ తీసుకుందో ఒకావిడ చెబుతుంది. గల్ఫ్ ఏజెంటు పేరు వినగానే రిటైర్డ్ క్లర్కు ఒకాయన, ముందు లైసెన్సు ఉందో లేదో చూసుకోండి, పాస్‌పోర్టు మాత్రం చేతికివ్వకండి అని హెచ్చరిస్తాడు. అత్తగారి సంగతికి ఎదురింటామె గేటుకి లోపలి నుంచి ఇంకో గొళ్లెం పెట్టించమంటుంది. ఇదంతా ప్రార్థనకు జవాబేనా అని అడిగితే వాళ్లు వింతగా చూస్తారు. దేవదూత వచ్చి చెప్పాలా ఏం?

దీనికి చీకటి కోణమూ ఉంది, దాచాల్సిన పని లేదు. పేరు పెట్టి పిలిచి భవిష్యత్తు చెప్పే ‘ప్రవచనం’ మీద వ్యాపారం చేసేవాళ్లున్నారు. కానుకకు తగ్గ వాగ్దానం అమ్ముతారు. షుగరు మాత్రలు మానేస్తేనే విశ్వాసమని చెప్పి ప్రాణం మీదికి తెచ్చేవాళ్లున్నారు. కుగ్లర్ మందుల పెట్టె మోసుకొచ్చిన నేల మీద ఇది జరగడం మరీ అన్యాయం. ప్రవచనాలను పరీక్షించి మేలైనదాన్నే చేపట్టమని పౌలు తెస్సలొనీక సంఘానికి చెప్పాడు. తలుపు తెరుచుకుంటే దేవుడు తెరిచాడు, మూసుకుంటే సాతాను మూశాడు అనే లెక్క కూడా అంతే. తనకు కావలసినదాన్నే దేవుడి నోట పలికించడం దాని పేరు.

ఏ నడిపింపూ పనికిరాని మార్పు ఒకటుంది. మనిషి పోవడం. అప్పుడు దారి అడిగేవాళ్లుండరు. ఎందుకు అని అడుగుతారు. తెలుగు సంఘాల్లో చాలాసార్లు అక్కడే తొందరపడతారు. మూడో రోజుకే ‘దేవుడు తన తోటలో మంచి పువ్వును కోసుకున్నాడు’ అని మొదలుపెడతారు. బైబిలు అంత తొందరపడదు. నూట యాభై కీర్తనల్లో సుమారు మూడో వంతు విలాపాలే. ఎన్నాళ్లు, ఎందుకు వదిలేశావు అని దేవుడి మీదే ఫిర్యాదులు. 88వ కీర్తన అయితే చివరి దాకా చీకట్లోనే ఉండి, అలాగే ఆగిపోతుంది. ఎవరో దాన్ని తీసేయకుండా పుస్తకంలో ఉంచారు. ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పిన పాత తరం బైబిలు స్త్రీలకి ఇది తెలుసు. చావింటికి వెళ్లి, చాప చివర కూర్చుని, పోయిన మనిషి భార్య చెయ్యి పట్టుకుని గంటసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, లేచేముందు చిన్న ప్రార్థన చేసి వచ్చేసేవారు. దాన్నే ఆదరణ అనేవారు.

గుణదల కొండ ఎక్కే కాథలిక్కుల తీరు ఇంకోలా ఉంటుంది. 1924లో ఫాదర్ అర్లాటి మరియమ్మ స్వరూపాన్ని పెట్టినప్పటి నుంచి ఏటా ఫిబ్రవరి 11 పండుగకి జనం పోటెత్తుతారు. కొబ్బరికాయలు, తలనీలాలు, మొక్కులు. క్రైస్తవులు కానివాళ్లూ తక్కువేం రారు. ప్రొటెస్టెంట్లు కొందరికి ఇది మింగుడుపడదు. అయితే వాగ్దాన కార్డు పర్సులో పెట్టుకునేవాళ్లు, చేతి వేళ్లతో ఏదో ఒకటి పట్టుకోవాలన్న ఆ ఆరాటాన్ని తప్పుపట్టే ముందు తమ పర్సు ఒకసారి తెరిచి చూసుకోవాలి.

ఆ కార్డులు ఏడాది తర్వాత ఏమవుతాయి? కొన్ని ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద రంగు వెలిసిపోతాయి. కొన్ని అద్దె ఇల్లు ఖాళీ చేసినప్పుడు గోడకే ఉండిపోతాయి. పెద్దవాళ్ల ఇళ్లలో మాత్రం పాత బైబిళ్ల మధ్య దొరుకుతాయి. అట్ట ఊడిపోయి రబ్బరు బ్యాండు వేసిన బైబిలు తెరిస్తే కీర్తనల దగ్గర కట్టలుగా ఉంటాయి. తిప్పి చూస్తే కొన్నిటి వెనక పెన్సిలుతో ఏదో రాసి ఉంటుంది. ‘ఇల్లు మారాం.’ ‘చిన్నోడికి సీటు రాలేదు. డిప్లొమాలో చేర్చాం.’ ‘ఈయన పోయారు.’ ఆ మరుసటి ఏడాది కార్డు వెనక ఏమీ లేదు. దాని తర్వాతి దాని మీద, అదే చేతిరాతతో, కాస్త వణికిన గీతల్లో: ‘బాపట్ల నుంచి చిన్నోడి దగ్గరికి వచ్చేశా. ఇక్కడ చర్చి దూరం. పక్క పోర్షన్ అమ్మాయి బండి మీద తీసుకెళుతోంది.’